పర్లేదును ఏ గడిలో వేయాలి

రిటైరై ఇంట్లో కూర్చున్నా కలల్లో నేనింకా తలుపులు కొడుతూనే ఉంటాను. ఊరు ఏదో తెలియదు. వీధి పొడవునా మంచు, ఆ మంచులో ఉప్పు వాసన. ఏ తలుపు కొట్టినా లోపలినుంచి ఎవరో "వస్తుండా" అంటారు కానీ బయటికి రారు. నేను ప్రశ్నల కాగితాలు చంకలో పెట్టుకుని నిలబడే ఉంటాను. చిత్రమేమిటంటే ఆ కలలో నాకు విసుగు రాదు, అలా ఎంతసేపైనా ఉండిపోవచ్చనిపిస్తుంది. మెలకువ వచ్చాక కిటికీలోంచి మా బిట్రగుంట రైల్వే కాలనీ కనబడుతుంది. ఎక్కడికి పోవాలో మరిచిపోయినట్టు ఒక గూడ్సు బండి నిలబడి ఉంటుంది.

నా పేరు కరుణ. మా నాన్న రైల్వేలో చేశారు, నేను మాత్రం రోడ్డున పడ్డాను. ఎన్నికల సర్వేలు చేసే ఒక కంపెనీకి నెల్లూరు కోస్తా అంతా తిరిగాను. మొదట్లో ఇల్లిల్లూ తిరిగే మనిషిని, తర్వాత తిరిగేవాళ్లను తిప్పే మనిషిని. ఎన్నికలప్పుడు టీవీలో జనం నాడి అంటూ రంగురంగుల పట్టీలు చూపిస్తారు కదా, ఆ నాడి కోసం ఎండలో గొడుగేసుకుని తిరిగినవాళ్లలో నేనూ ఉన్నాను. ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు ఫోన్ చేసి "మీరు ఎలా చేసేవాళ్లు మేడం" అని అడుగుతుంటారు. ఇది వాళ్లకోసం. ప్రమోషన్లు, టీఏ బిల్లుల గోల ఎలాగూ మీకే తెలిసొస్తుంది. నేను చెప్పదలచుకున్నది జేబుకూ ఓటుకూ ఉన్న సంబంధం గురించి. అది చెప్పాలంటే మా వైపు జనం అనే ఒక్క మాట గురించి చెప్పాలి. ఆ మాట "పర్లేదు".

నీళ్లకేసి చూసిన రైతు

మా మొదటి బాసు రాఘవరావు గారు. బక్కపల్చటి మనిషి, మాట మెత్తన, పనిలో మాత్రం చండశాసనుడు. నన్ను మొదటిసారి సంగం తీసుకెళ్లారు. బ్యారేజీ కింద వరి పొలాలు, కాలవ నిండా నీళ్లు, గాలికి పైరు అటూ ఇటూ ఊగుతుంటే చూసేవాళ్లకు నిద్రొచ్చే మధ్యాహ్నం. గట్టు మీద కూర్చున్న ఒక రైతును నా కాగితంలోని మొదటి ప్రశ్న అడిగాను. "పోయినేడుతో పోలిస్తే మీ ఇంటి పరిస్థితి ఎలా ఉంది? మెరుగైందా, అలాగే ఉందా, దిగజారిందా?"

ఆయన కాసేపు కాలవకేసి చూసి, "పర్లేదమ్మా" అన్నాడు. నేను చటుక్కున 'అలాగే ఉంది' గడిలో టిక్కు పెట్టాను.

తిరిగొస్తుంటే రాఘవరావు గారు అడిగారు. "ఆ మాట అనేముందు అతను ఎటు చూశాడమ్మా?"

"నీళ్లకేసి సార్."

"అది రాసుకోవడానికి మన దగ్గర గడి లేదు. గుర్తుపెట్టుకో."

అంతే, ఇంకేమీ వివరించలేదు. హైదరాబాదు ఆఫీసుకు ఆయనంటే ఒళ్లుమంట. రిపోర్టు ఎప్పుడూ ఆలస్యమే. ఆయన జోస్యాలు ఫలించాయా అంటే, మిగతావాళ్లవి ఎన్ని ఫలించాయో ఆయనవీ అన్నే. నేను ఆయన్ను దేవుణ్ణి చేయను. కానీ ఆ రోజు నుంచి జవాబు కంటే జవాబుకు ముందుండే మౌనం మీద నాకు మోజు పుట్టింది. ఆ మౌనంలోనే మనిషి తన ఇల్లంతా ఒకసారి చుట్టి వస్తాడు. పిల్ల ఫీజు, అమ్మ మోకాళ్లు, పాత బండి, అన్నీ చూసుకుని గుమ్మం దగ్గరికి వచ్చి మనకు "పర్లేదు" అని చెప్తాడు.

ఆ మాటను నేను ఎన్ని రకాలుగా విన్నానో. తడ దగ్గర కంపెనీ బస్సు కోసం నిలబడ్డ అమ్మాయి "పర్లేదు మేడం, ఓవర్‌టైము దొరకతా ఉండాది" అంటే అందులో కాస్త సంతోషం ఉంటుంది. కొత్త మిద్దె కట్టుకున్నవాడు దిష్టి తగులుతుందని పర్లేదంటాడు. అప్పులవాళ్లు పొద్దున్నే వచ్చి వెళ్లిన ఇంట్లోనూ అదే మాట, పైగా మనకు మంచినీళ్లు కూడా ఇస్తారు. మీరు ఈ పనిలో చేరగానే మీకు ఆర్థిక పరిస్థితి, ఓటరు తీరు అంటూ క్లాసులు చెప్తారు. ధరలు పెరిగితే కోపం, పనులు దొరికితే మెప్పు అంటారు. తప్పని అనను. ఆ కోపం, ఆ మెప్పు మనకు ఎదురుగా వచ్చి నిలబడవు, అంతే.

మార్కెట్ అంటే ఏ మార్కెట్

నా చివరి ఎన్నికకు మా బాసు వంశీ. కుర్రవాడు, షేర్ల కంపెనీలో చేసి వచ్చినవాడు. హైదరాబాదు ఆఫీసులో అతని గోడ మీద పెద్ద తెర, దాని మీద షేర్ మార్కెట్ గీత. ఆ ఎండాకాలం ఆ గీత ఆగకుండా పైకే పోతోంది. "మార్కెట్ పైన ఉంటే కుర్చీ కదలదక్కా" అనేవాడు. నన్ను అక్కా అని పిలిచిన మొదటి బాసు అతనే, అందుకని కోప్పడదామన్నా చేతనయ్యేది కాదు.

అతను మా ప్రశ్నల్లో ఒకటి కొత్తగా చేర్చాడు. "ప్రస్తుతం మార్కెట్ ఎలా ఉంది?" అంతే, అంతకన్నా పొడవు లేదు. మా సర్వే పిల్లలు ట్యాబులు పట్టుకుని కోస్తా మీద పడ్డారు. చేపలమ్మే ఆవిడ "మార్కెట్టా? కప్పు రేకులు ఎగిరిపోయినాయి, వానొస్తే గంపలు తడస్తా ఉండాయి, మీరన్నా రాసుకోండి" అంది. రొయ్యల రైతులైతే నోరు తెరిచి తిట్టినంత పని చేశారు. "మార్కెట్ పడిపోయింది మేడం, కౌంటు రేటు చూడండి యాడుండాదో." కౌంటంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్నది. దాన్నిబట్టే రేటు. మా సముద్రం ఒడ్డున మార్కెట్ అంటే అదే, ఇంకోటి లేదు.

వంశీ ఫోన్ చేశాడు. "అక్కా, ఏమీ అనుకోకండి. మీ పిల్లలు చెట్టు కింద కూర్చుని నింపేశారా? మార్కెట్ ఆకాశంలో ఉంటే ఊరు ఊరంతా పడిపోయిందంటుందేంటి?"

నాకు నవ్వాగలేదు. "సార్, మీ మార్కెట్ తెర మీద ఉంటుంది. మా మార్కెట్‌కు మీసాలుంటాయి."

రొయ్య మీసాల సంగతి విడమరిచి చెప్పాను. తర్వాత అతనూ నవ్వాడు. మర్నాడు రైలెక్కి బిట్రగుంటలో దిగాడు. తప్పు తెలిసినప్పుడు రైలెక్కి వచ్చే బాసులు తక్కువ. దొరికితే వదులుకోకండి.

ముందుగా మా పక్కింటి సామ్యూల్ మామ దగ్గరికి తీసుకెళ్లాను. రిటైరైన రైల్వే గార్డు. వచ్చిన డబ్బులో కొంత ఫండ్లలో పెట్టుకుని, వరండాలో టీవీ గొంతు నొక్కేసి, అంకెలు పాకుతుంటే రోజంతా చూస్తుంటాడు. ఆదివారం చర్చిలో కూడా ఆయన పెదాలు కదులుతుంటే ప్రార్థనో, సోమవారం రేటో చెప్పలేం. వంశీ ఆశగా అడిగాడు. "మార్కెట్ బాగుంది కదా అంకుల్, ఈసారి ప్రభుత్వం మీద సంతోషంగా ఉన్నట్టేనా?"

"నాయనా, మార్కెట్ పెరిగితే అది నా తెలివి. తగ్గితే గవర్నమెంటు తప్పు" అన్నాడు మామ, తెర మీదినుంచి చూపు తిప్పకుండానే.

వంశీ ఆ మాటను ఫోన్లో రాసుకున్నాడు. నా ఉద్యోగంలో జేబు గురించీ ఓటు గురించీ విన్న మాటల్లో అంత సూటి మాట ఇంకొకటి లేదు. లాభాన్ని మనం జేబులో వేసుకుంటాం, నష్టాన్ని బ్యాలెట్ పెట్టె దాకా మోసుకుపోతాం.

పిల్ల వేస్తారా

అక్కడినుంచి సముద్రం వైపు వెళ్లాం. అల్లూరు దాటాక రోడ్డు సన్నబడి, రెండు పక్కలా రొయ్యల గుంటలు మొదలవుతాయి. రొయ్యలకు గాలి అందేలా నీళ్లను చిలికే చక్రాలు నురగలు కక్కుతూ తిరుగుతుంటాయి. ఆ చప్పుడు దూరంనుంచి వింటే ఎక్కడో ఆగకుండా వాన పడుతున్నట్టుంటుంది. ఎదురుగా సముద్రం ఉన్నట్టు తెలుస్తుంది కానీ కనిపించదు. ఆ దారిలో నేను ఎప్పుడు వెళ్లినా సగం నిద్రలో వెళ్లినట్టే గుర్తు.

అక్కడ పెంచలయ్య, రమణమ్మ కౌలుకు గుంటలు చేసేవాళ్లు. మా పద్ధతిలో కొన్ని ఇళ్లకు ప్రతి ఎన్నికకూ మళ్లీ వెళ్లాలి, మనసు ఎలా మారుతుందో తెలియడానికి. వాళ్లది అలాంటి ఇల్లు. రమణమ్మ కొత్త కోడలుగా ఉన్నప్పటినుంచీ నాకు తెలుసు. ప్రతిసారీ చాప వేసి, టీ ఇచ్చి, ఇంటి పరిస్థితి అడిగితే "పర్లేదక్కా" అనేది. తుఫాను వచ్చి గట్టు తెగిన ఏడు కూడా అదే మాట, అదే నవ్వు.

ఈసారి మాత్రం పెంచలయ్య నన్నే ఎదురు ప్రశ్న వేశాడు. రెండు పంటలు వరసగా దెబ్బతిన్నాయి. ఇంకో పంట వేయాలా, కౌలు వదిలేయాలా తేలడం లేదు. వదిలేస్తే తడ కంపెనీల్లో గేటు దగ్గర పని ఉంది, ఎవరో మాటిచ్చారు. అప్పుడు అతను అక్కడ గదిలో, రమణమ్మ ఇక్కడ గుంట లేని గట్టు మీద. వేస్తే మాత్రం ఉన్నదంతా అందులోకే పోతుంది.

"అక్కా, ఎవరొస్తారో నీకు తెలస్తాది కదా, ఒక్క మాట చెప్పు" అన్నాడు. "వీళ్లే ఉంటే కరెంటు రేటు ఇట్టనే ఉంటాది, పిల్ల ఏస్తా. మారితే ఏమవతాదో తెలీదు, ఆపేస్తా."

పిల్ల అంటే రొయ్య పిల్ల. గుడ్లు పొదిగించే హేచరీనుంచి తెచ్చి గుంటలో వదలడాన్ని పిల్ల వేయడం అంటారు.

"నాకు తెలీదు పెంచలయ్యా" అన్నాను. చెప్పకూడదన్నది మా పనిలో మొదటి నియమం. నిజంగా తెలియదన్నది రెండో సంగతి.

"తెలిసినా చెప్పవులే" అని నవ్వాడు.

గట్టు మీద నడుస్తూ వంశీతో వాదన పడింది. కొత్త ట్యాబులో 'బాగుంది', 'పర్లేదు', 'బాగాలేదు' అని మూడు గడులున్నాయి. మొదటి రెండూ కలిపి తృప్తిగా ఉన్నవాళ్ల కింద లెక్కేస్తున్నారు. "అది కుదరదు సార్, మా వైపు పర్లేదంటే తృప్తి కాదు" అన్నాను.

"మరి కోపమా అక్కా?"

"కోపమూ కాదు."

"అయితే దాన్ని ఏ గడిలో వేయాలో మీరే చెప్పండి."

ఇన్నేళ్లు పర్లేదును పట్టుకుని వేలాడిన మనిషిని, దాన్ని ఎక్కడ దించాలో చెప్పలేకపోయాను. చక్రాలు నీళ్లు చిలుకుతున్నాయి. కాసేపటికి నాకే తోచింది. "ఎలా ఉన్నారని అడగొద్దు సార్. ఏం చేయబోతున్నారో అడుగుదాం. ఇక్కడ పిల్ల వేస్తారా అని, సంగంలో నారు పోస్తారా అని, తడలో బండి కొంటారా అని. ముందు బాగుంటుందనుకున్నవాడే కదా వేస్తాడు."

వంశీ అక్కడే నిలబడి ట్యాబులో ఆ ప్రశ్న చేర్చాడు. అతని కళ్లలో మెరుపు చూసి నాకూ గర్వం వేసింది. వెంటనే వెనక్కి నడిచి పెంచలయ్యను మొదటగా అడిగాం. "ఈసారి పిల్ల వేస్తావా?"

"టీవీలో మీ సర్వే చెప్పినాంక చూస్తా" అన్నాడు.

వంశీ నన్ను చూశాడు, నేను వంశీని చూశాను. ఎవరు గెలుస్తారో తెలుసుకోవడానికి మేం అతన్ని అడుగుతున్నాం. పిల్ల వేయాలో వద్దో తెలుసుకోవడానికి అతను మమ్మల్ని అడుగుతున్నాడు. మధ్యలో తెలిసినవాళ్లు ఎవరూ లేరు.

ఎగిరిన గీత, పడిన గీత

మిగతా కోస్తాలో చాలామంది వేస్తామనే చెప్పారు. సంగంలో నారు పోస్తామన్నారు. మేమిద్దరం దాన్ని ఆశ అనుకున్నాం. ఆశ ఉన్నచోట కుర్చీ కదలదని తేల్చాం. పోలింగ్ అయిపోయిన సాయంత్రం టీవీలో మా పట్టీలు వచ్చాయి. వీళ్లే మళ్లీ వస్తారని చెప్పాయి. మిగతా కంపెనీలదీ అదే పాట.

మర్నాడు పొద్దున మార్కెట్ గీత ఎగిరిన తీరు చూసి సామ్యూల్ మామ వరండాలోంచి నన్ను పిలిచి మరీ చూపించాడు. నాకు ఆ గీతలో పెంచలయ్య కనిపించాడు. ముంబైలో లక్షల కోట్ల పెట్టుబడివాళ్లూ, అల్లూరు అవతల కౌలు గుంటవాడూ ఒకే టీవీ చూసి ఒకే పని చేశారు. ఆ వారంలోనే పెంచలయ్య పిల్ల వేశాడని తెలిసింది.

ఫలితాల రోజు కుర్చీ మారింది.

గీత పడింది. మామ అన్న మాట నిలబెట్టుకున్నాడు. గవర్నమెంటు తప్పన్నాడు, ఏ గవర్నమెంటో చెప్పలేదు. కొద్ది రోజులకు గీత మళ్లీ లేచి తన దారిన తాను పోయింది, ఎవరు కూర్చున్నారో దానికి పట్టనట్టు. వంశీ ఫోన్లో "మనం ఎక్కడ తప్పాం అక్కా" అని అడిగాడు. గొంతు చిన్నబోయింది. "వాళ్లు ఆశ పడ్డారు సార్, నిజమే. ఆ ఆశ ఎవరిమీదో మనం అడగలేదు" అన్నాను. ఇప్పటికీ అదే నా అభిప్రాయం. మనిషి పంట వేస్తాడు, బండి కొంటాడు, షేర్లు కొంటాడు. అదంతా రేపటి మీద నమ్మకమే. రేపు బాగుండాలంటే వీళ్లుండాలా, పోవాలా అన్నది పూర్తిగా వేరే లెక్క. మార్కెట్ చూసి ఓటు చెప్పేవాళ్లు టీవీ నిండా ఉన్నారు. మీరు వాళ్లలో చేరితే జీతం బాగుంటుంది, అది కూడా చెప్పాలి. నమ్మకం మాత్రం పెట్టుకోకండి.

తర్వాత కొద్ది రోజులకే నేను రిటైరయ్యాను. దండ వేశారు, గడియారం ఇచ్చారు, ట్యాబు వెనక్కి తీసుకున్నారు.

చాప మీద

వానలు మొదలయ్యాక ఒక సాయంత్రం అల్లూరు బస్సెక్కాను. పని లేదు. చేతిలో ప్రశ్నల కాగితాల సంచీ కూడా లేదు. ఆ చక్రాల చప్పుడు వినాలనిపించింది, అంతే. బస్సు దిగి గట్టు వెంట నడుస్తుంటే ఆ చప్పుడు వినబడుతూనే ఉంది, పెంచలయ్య గుంటల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. గుంట అడుగు బయటపడి, బురద బీటలు వారి, బీటల్లో కొత్త వాననీళ్లు నిలిచి ఉన్నాయి. వాటిలో ఆకాశం ముక్కలు ముక్కలుగా కనిపించింది.

రమణమ్మ గుమ్మంలోనే ఉంది. చాప వేసింది, టీ పెట్టింది. నేను అడగకముందే సంగతంతా చెప్పింది. తెల్లమచ్చ రోగం వచ్చి పిల్ల పిల్లగానే చచ్చి తేలిపోయింది. కరెంటు రేటు మారనే లేదు. అతను ఏ సంగతి చూసి భయపడ్డాడో అది జరగలేదు, ఎవరూ అనుకోనిది జరిగింది. కౌలు వదిలేసి పెంచలయ్య తడ వెళ్లాడు.

"మా టీవీ చూసి వేశాడు కదా రమణమ్మా" అన్నాను.

"నీ టీవీ కాదులే అక్కా. ఆయనకు ఎయ్యాలనే ఉండె. ఎవురో ఒకరు ఎయ్యమని చెప్పాల, అంతే. మీరు చెప్పకపోతే ఇంకొకరు చెప్పుండేవోళ్లు." తర్వాత నవ్వింది. "ఇంకో సంగతి చెప్పనా? ఓటేమో గవర్నమెంటు మారాలని ఏసినాం. పిల్లేమో మారదని ఏసినాం. ఇద్దరం ఒకే రోజు కూర్చుని అనుకున్నాం, ఏదో ఒకటి తగలదా అని."

నేనూ నవ్వాను. నవ్వకుండా ఎలా ఉంటాను. మేం ఎన్ని ప్రశ్నలు చేర్చినా అందని సంగతి అది, టీ గ్లాసుతో పాటు ఊరికే చేతికొచ్చింది. వంశీకి చెప్పాలనుకున్నాను. మళ్లీ వద్దులే అనిపించింది.

వెలుతురు తగ్గుతోంది. పక్క గుంటల చక్రాల చప్పుడు గాలి మీద వచ్చిపోతోంది. లేవబోతూ, అలవాటుగా కాదు, నిజంగానే అడిగాను. "ఎట్టుండావు రమణమ్మా?"

ఆమె నావైపు చూడలేదు. ఎండిన గుంటకేసి, బీటల్లోని నీళ్లకేసి చూసింది. చాలాసేపు చూసింది. నేను ఆ మాట కోసం సిద్ధంగా ఉన్నాను. ఇన్నేళ్లుగా ఆ గుమ్మంలో విన్న మాటే కదా.

"బాగలేదక్కా" అంది.

మా కాగితాల మీద ఆ మాటకు ఎప్పుడూ ఒక గడి ఉండేది, చివరిది. ఆ ఇంటి దగ్గర నేను దాన్ని ఒక్కసారి కూడా నింపలేదు. అడిగింది నేనే, చెప్పాల్సింది ఆమే, కానీ సంచీతో వచ్చిన మనిషికి ఆమె ఎలా చెప్తుంది? పర్లేదన్నది వాకిట్లో నిలబడ్డవాళ్లకు చెప్పే మాట. ఇన్నేళ్లు చాప మీద కూర్చుని టీ తాగినా నేను వాకిట్లోనే ఉన్నానన్నమాట.

చివరి బస్సు హారన్ దూరంగా వినిపించింది. నేను మళ్లీ కూర్చుని, చాప మీద ఆమె పక్కకు జరిగాను.